తలకొక ఓమెరు

సీనాయి కొండ మీద పది ఆజ్ఞలు ఇవ్వడానికి ముందే దేవుడు ఇశ్రాయేలు ప్రజలకు ఒక కొలత ఇచ్చాడు. నిర్గమకాండము పదహారో అధ్యాయంలో ఆ సంగతి ఉంది. ఆకాశం నుంచి కురిసిన మన్నాను ఎవరికి ఎంత కావాలో అంతే కూర్చుకోవాలి. తలకొక ఓమెరు, అంటే మన లెక్కలో దాదాపు రెండు లీటర్లు. ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు. రేపటికి ఉంటుందిలే అని దాచిన వాళ్ల ఇంట్లో తెల్లారేసరికి పురుగులు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజున మాత్రం రెండింతలు, ఏడో రోజున ఏమీ లేదు.

ఈ జనం అంతకుముందు ఐగుప్తులో ఏం చేసేవారో గుర్తుంచుకుంటే ఈ పాఠం బరువు తెలుస్తుంది. ఫరో కోసం పీతోము, రామెసేసు అనే పట్టణాలు కట్టారు వాళ్లు. అవి ధాన్యం నిలవచేసే పట్టణాలు. మరొకడి గోదాములు నింపడానికి వీపులు చీలేలా ఇటుకలు మోసినవాళ్లకు, స్వేచ్ఛ దొరికిన తొలి నెలల్లోనే దేవుడు నేర్పింది గోదాము లేకుండా బతకడం ఎలాగన్నది. బానిసత్వం నుంచి బయటికి రావడమంటే ఐగుప్తు పొలిమేర దాటడం ఒక్కటే కాదు, ఐగుప్తు ఆకలిని కూడా వదిలిపెట్టడం.

ఈ వారం మనం ఆలోచించవలసింది మరో గోదాము గురించి. అది మన కాళ్ల కింద ఉంది. బొగ్గు, చమురు, సహజవాయువు. గోదావరి లోయలోని బొగ్గు పొరలు పాతిక కోట్ల సంవత్సరాలకు పైబడినవని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. భూమి వయసు గురించి మన సంఘాల్లో రకరకాల అభిప్రాయాలున్నాయి, ఆ వాదం ఇక్కడ అవసరం లేదు. ఎవరి లెక్కన చూసినా అది మనం చేసింది కాదు, మళ్లీ మనం చేయగలిగిందీ కాదు. అలాంటి నిలవను మూడు నాలుగు తరాలవాళ్లం పంచుకుని కాల్చేస్తున్నాం.

ఎంత కాలుస్తున్నామో మనకు కనిపించదు, చిక్కంతా అక్కడే ఉంది. మన అమ్మమ్మలు పొయ్యిలో పెట్టే ప్రతి పుల్లా వాళ్ల చేతిలోంచే వెళ్లేది, అందుకే వాళ్లకు పొదుపు తెలుసు. మనం స్విచ్ వేస్తే చాలు. మన థర్మల్ కేంద్రాల్లో ఒక యూనిట్ కరెంటు తయారు కావడానికి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. పడకగదిలో ఏసీ రాత్రంతా నడిస్తే ఎనిమిది యూనిట్లు అనుకుందాం. అంటే ప్రతి రాత్రీ మంచం పక్కన ఐదున్నర కిలోల బొగ్గు పోసుకుని కాల్చినట్టు. మన దేశపు బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే కాబట్టి, అందులో రెండు కిలోల వరకు బూడిదగా మిగులుతుంది. అది మన ఇంటికి రాదు. ఇబ్రహీంపట్నంలోనో, పాల్వంచలోనో, రామగుండంలోనో, పరవాడలోనో చెరువుల్లా కట్టిన గట్ల మధ్యకు చేరుతుంది. ఎండాకాలం గాలి లేస్తే అక్కడివాళ్ల అన్నం కంచాల్లో పడుతుంది. పెట్రోలు సంగతీ అంతే. లీటరు పెట్రోలు ముప్పావు కిలో బరువుంటుంది. కాలినప్పుడు అందులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. కొన్నదానికి మూడింతల బరువు ఆకాశంలో వదిలి ఇంటికొస్తున్నాం.

ఆ ఆకాశంలో ఏం జరుగుతోందో శాస్త్రవేత్తలు 1958 నుంచి హవాయి దీవిలోని మౌనాలోవా కొండ మీద కొలుస్తున్నారు. యంత్రాల యుగం రాకముందు గాలిలోని ప్రతి పది లక్షల పాళ్లలో 280 పాళ్లుండే కార్బన్ డయాక్సైడ్ 1958 నాటికి 315 అయింది, ఇప్పుడు 420 దాటింది. కొలతలు మొదలయ్యాక నమోదైన అత్యంత వేడి సంవత్సరం 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. 2015 మే నెలలో వీచిన వడగాలులకు మన రెండు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఏసీ గదుల్లో ఉన్నవాళ్లు ఎండకు చనిపోరు. ఎండను మోసేది తాపీ మేస్త్రీ, ఉపాధి హామీ కూలీ, మిర్చి కల్లంలో పనిచేసే తల్లి, రిక్షా తొక్కే ముసలాయన. మన సంఘాల్లో ఎక్కువమంది ఎవరో ఒకసారి తల తిప్పి చూస్తే ఈ విషయం దూరపు రాజకీయం కాదని అర్థమవుతుంది. సంఘకాపరులు పాతిపెడుతున్నది ఇలాంటివాళ్లనే.

"భూమి ఎలాగూ కాలిపోతుంది కదా పాస్టరు గారూ, దాన్ని కాపాడటం ఎందుకు?" అని అడిగేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. పేతురు రెండో పత్రిక మూడో అధ్యాయాన్ని వాళ్లు చూపిస్తారు. ఆ అధ్యాయాన్ని మనమూ గౌరవంతో చదువుదాం, కానీ పదో వచనం దగ్గర ఆపకుండా చదువుదాం. పదకొండో వచనంలో అపొస్తలుడు వెంటనే అడిగే ప్రశ్న, అలాగైతే మీరు ఎంత పవిత్రంగా, ఎంత భక్తిగా నడుచుకోవాలి అని. ఇవన్నీ పోయేవే గనుక ఇష్టమొచ్చినట్టు వాడుకోండి అని ఆయన అనలేదు. పైగా పదో వచనంలో "కాలిపోవును" అని మనం చదువుతున్న చోట, ప్రాచీన గ్రీకు ప్రతుల్లో కొన్ని ముఖ్యమైన వాటిలో "కనబడును" అనే అర్థమిచ్చే మాట ఉంది. భూమీ, దాని మీద మనం చేసిన పనులూ దేవుని ఎదుట బయటపడతాయన్నమాట. ఏ ప్రతిని అనుసరించినా లెక్క అప్పజెప్పక తప్పదు. భూమిని పాడుచేసేవారిని పాడుచేసే కాలం ఒకటుందని ప్రకటన గ్రంథం (11:18) కూడా చెబుతోంది. అద్దె ఇల్లు రేపు ఖాళీ చేస్తామని ఈ రోజు తలుపులు పొయ్యిలో పెట్టుకునేవాడిని ఏ యజమానీ మెచ్చుకోడు.

ఆదికాండములో దేవుడు నరుణ్ని ఏదెను తోటలో పెట్టినప్పుడు (2:15) రెండు పనులు అప్పగించాడు. సేద్యం చేయడం, కాయడం. రెండో పనికి హెబ్రీ భాషలో వాడిన క్రియ "షామర్". సంఖ్యాకాండము ఆరో అధ్యాయంలో అహరోను పలికే దీవెనలో యెహోవా నిన్ను కాపాడాలి అన్నచోట ఉన్నదీ అదే క్రియ. ఆదివారం ఆరాధన ముగింపులో తలలు వంచి ఆ దీవెన అందుకుంటాం. దేవుడు మనల్ని ఎలా కాయాలని కోరుకుంటామో అలా తోటను కాయమన్నాడు. ఏలుబడి అనే మాటకు ఇంతకన్నా వేరే అర్థం వెతకనక్కర్లేదు.

రెండో ప్రశ్న ఇంకాస్త గట్టిది. "కాల్చింది అమెరికా వాళ్లు, ఐరోపా వాళ్లు. సరళంగా బతకమని మాకు చెబుతారేం?" ఇందులో నిజముంది. సగటు భారతీయుడి వాటాకు వచ్చే కార్బన్ డయాక్సైడ్ సగటు అమెరికన్ వాటాలో ఏడో వంతు మాత్రమే. కట్టెల పొగలో కళ్లు పోగొట్టుకున్న చెల్లికి గ్యాస్ బండ వచ్చిందంటే దేవునికి స్తోత్రం చెప్పాలి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం చాలా వంటగదుల్లో పొగ తగ్గించాయి. ఏజెన్సీ గూడెంలో మొదటిసారి వెలిగిన బల్బును ఆర్పమని ఎవరైనా బోధిస్తే ఆ బోధ సువార్త కాదు. మన్నా పాఠంలో రెండు భాగాలున్నాయి. ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదన్నది ఒకటి, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదన్నది రెండోది. ఓమెరు నిండనివాడు ఇంకా పోసుకోవాలి. అతని చేతిలోంచి లాక్కోవడానికి సరళ జీవితం అని పేరు పెట్టకూడదు.

అయితే "సగటు భారతీయుడు" అనేవాడు కాగితం మీదే ఉంటాడు. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఒకే పాత్రలోది ప్రభురాత్రి భోజనం పుచ్చుకునే ఇద్దరిలో ఒకరి ఇంట్లో మూడు ఏసీలు, రెండు కార్లు ఉంటాయి. ఇంకొకరు ఆర్టీసీ బస్సు దిగి నడిచి వచ్చి ఉంటారు. దేశం పేరు చెప్పి మొదటివారు రెండోవారి పేదరికం వెనక దాక్కోవడం న్యాయం కాదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మొదటివారికే.

ఈ మాట ఈనాటి పర్యావరణ ఉద్యమాల నుంచి అరువు తెచ్చుకున్నదేమీ కాదు. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో బిల్లీ గ్రాహం పిలుపు మీద ప్రపంచ సువార్తికులు సమావేశమై ఒక నిబంధన రాసుకున్నారు. దాని రచనలో ప్రధాన పాత్ర జాన్ స్టాట్‌ది. సువార్త ప్రకటనకు సంబంధించిన ఆ పత్రంలోనే, సంపన్న స్థితిలో ఉన్నవాళ్లు సరళమైన జీవన విధానాన్ని అలవరచుకోవాలనీ, దానివల్ల మిగిలేది బీదల సహాయానికీ సువార్త పనికీ ఇవ్వాలనీ రాశారు. ఆ వాక్యం దగ్గర చాలామంది తడబడ్డారు. సరళం అంటే ఎంత, కొలత ఏది అని బిల్లీ గ్రాహం సతీమణి రూత్ గ్రాహం అభ్యంతరం చెప్పారనీ, "మరింత సరళమైన" అని ఉంటే సంతకం చేసేదాన్నన్నారనీ స్టాట్ తర్వాత గుర్తుచేసుకున్నారు. 1980లో ఇంగ్లండులోని హోడెస్‌డన్‌లో ఈ ఒక్క విషయం మీదే ప్రత్యేకంగా మరో సమావేశం పెట్టవలసి వచ్చింది. రూత్ గారి మాటే మనకు పనికొచ్చేలా ఉంది. ఎవరి ఓమెరు ఎంతో ఇంకొకరు కొలిచి చెప్పలేరు. కానీ ఇప్పుడున్న దానికంటే మరింత సరళంగా బతకడం ఎక్కడ మొదలుపెట్టవచ్చో ప్రతి ఇంటికీ తెలుసు.

అడ్డం వస్తున్నది మాత్రం మన సాక్ష్యాలు. ఈ మాట కాస్త ఘాటుగానే చెప్పాలి. దేవుడు మమ్మల్ని స్కూటరు నుంచి కారుకు హెచ్చించాడు, చిన్న కారు నుంచి పెద్ద కారుకు హెచ్చించాడు అని చెబితే సంఘమంతా చప్పట్లు కొడుతుంది. కారు అమ్మేసి బస్సెక్కుతున్నానని సాక్ష్యం చెబితే, అయ్యో ఏం కష్టమొచ్చిందో అని ప్రార్థన అంశాల్లో చేర్చుకుంటారు. ఆశీర్వాదాన్ని లీటర్లలో, టన్నుల్లో కొలవడం ఎప్పుడు మొదలైందో గానీ, లూకా పన్నెండో అధ్యాయంలోని ధనవంతుడు ఇవాళ మన వేదిక ఎక్కితే అతనికీ చప్పట్లే. కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టిస్తాననే కదా అతనన్నది. అన్నవస్త్రాలుంటే వాటితో తృప్తిపడదామని తిమోతికి రాసిన పౌలు మాత్రం మన సాక్ష్యాల కూడికలో నిలబడలేడు.

అలాగని మన చరిత్రలో వేరే మాదిరి లేకపోలేదు. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. పల్లెపల్లెకూ ఎడ్లబండి మీద, సైకిలు మీద తిరిగారు. ఆయన వెళ్లిన ఊళ్లలో చెట్టు కింద కూడుకున్నవాళ్ల మనవలే నేడు మన సంఘాల పెద్దలు. వాహనం వేగానికీ పరిచర్య ఫలానికీ సంబంధం ఉందని ఆ చరిత్ర చదివినవాళ్లెవరూ అనరు.

డోర్నకల్ పేరు ఎత్తితే బొగ్గు గుర్తుకు రాక మానదు. ఇల్లందు ప్రాంతంలో 1871లో బొగ్గు బయటపడింది, 1889 నుంచి తవ్వకాలు సాగాయి. ఆ గనుల వైపు రైలు మార్గం చీలేది డోర్నకల్ దగ్గరే. తెలుగు నేల మీద బొగ్గు దారీ సువార్త దారీ ఒకే స్టేషన్‌లో కలుసుకున్నాయి. అందుకే ఈ విషయం మాట్లాడేటప్పుడు కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి సంఘాల ముఖం చూసి మాట్లాడాలి. అక్కడి ఆలయాల గోడలు గని కార్మికుల దశమభాగాలతో లేచాయి. బొగ్గును పాపమని ఇక్కడ కూర్చుని తిట్టి, ఆ దశమభాగాన్ని ఆమెన్ అంటూ తీసుకోవడం కుదరదు. గనిలోకి దిగినవాడు తన కోసం దిగలేదు. మన ఫ్యాను తిరగడానికి దిగాడు.

బొగ్గు వాడకం తగ్గితే మా పిల్లల బతుకేమిటని ఆ విశ్వాసులు అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతికేటప్పుడు ఒక వాస్తవం చూడాలి. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్ష మందికి పైగా ఉద్యోగులుండేవారు, ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. బొగ్గు మాత్రం అప్పటికంటే మూడు రెట్లకు పైగా తవ్వుతున్నారు. ఉద్యోగాలను మింగింది పొదుపు కాదు, ఓపెన్‌కాస్ట్ యంత్రాలు. ఓపెన్‌కాస్ట్ కింద ఊళ్లు కూడా పోతున్నాయి. సింగరేణి సంస్థే సౌర విద్యుత్ కేంద్రాలు పెట్టుకుంటున్న రోజులివి. ఆ కొత్త పనుల్లో గని పిల్లలకు చోటు ఇవ్వమని, తవ్వేసిన నేలను బాగుచేసి ఇవ్వమని అడిగే గొంతు సంఘానికి ఉండాలి. కోనసీమ విశ్వాసులకూ ఇలాంటి లెక్కే ఉంది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. మన పొయ్యి మీద నీలం మంట వెలగడానికి ఎవరి గుమ్మం ముందు నుంచి పైపు వెళుతుందో తెలుసుకుని వాడటం పొరుగువానిని ప్రేమించడంలో భాగమే.

ఇంతకీ ఏం చేయాలి? ఇళ్లలో చేయవలసినవి అందరికీ తెలుసు, వాటి జాబితా రాస్తే ఈ పేజీ చాలదు. సంఘంగా చేయవలసిన వాటి మీదే నాలుగు మాటలు.

అన్నిటికంటే ముందు దూరం. నగరాల్లో ఆదివారం ఉదయం చూడండి, ఒక కాలనీ నుంచి పది కుటుంబాలు పది కార్లలో పది దిక్కులకు ఆరాధనకు బయలుదేరతాయి. దారిలో ఆరేడు ఆలయాలు దాటుకుంటూ పదిహేను, ఇరవై కిలోమీటర్లు వెళ్లి, పేరున్న ప్రసంగీకుడిని విని వస్తాయి. ఒలీవల కొండ యెరూషలేముకు విశ్రాంతి దినమున నడవదగినంత దూరంలో ఉందని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో లూకా రాశాడు. అది దాదాపు ఒక కిలోమీటరు. ఆరాధన దినాన ఎంత దూరం వెళ్లాలన్నదానికి కూడా యూదులు ఒక కొలత పెట్టుకున్నారు. దాన్ని ధర్మశాస్త్రంగా తిరిగి తెచ్చుకోనక్కర్లేదు. కానీ నడిచి వెళ్లగల సంఘంలో ఉంటే పక్కింటి విధవరాలి జ్వరం మనకు తెలుస్తుంది, ఇరవై కిలోమీటర్ల సంఘంలో తెరమీద పాట మాటలే తెలుస్తాయి. పెట్రోలు మిగలడం ఆ తర్వాతి లాభం. తప్పనిసరిగా దూరం వెళ్లవలసినవాళ్లకు బస్సుంది. ఆర్టీసీ బస్సు లీటరు డీజిలుకు ఐదు కిలోమీటర్లు పోయినా యాభైమందిని తీసుకెళుతుంది. పదిహేను కిలోమీటర్లకు ఆ బస్సు తాగేది మూడు లీటర్లు. యాభైమంది యాభై కార్లలో వెళితే దాదాపు యాభై లీటర్లు. మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఉంది. బస్సులు చాలడం లేదని బీద స్త్రీలే అడుగుతున్నారు. బస్సెక్కే స్తోమతుగలవాళ్లు కూడా వాళ్లతోపాటు నిలబడి అడిగితే అధికారులు వింటారు. సరళ జీవితం ఒక్క ఇంటి గుమ్మం లోపలే ఉండిపోతే దేశం బొగ్గు మీద ఆధారపడటం తగ్గదు. బస్సులు, కాలిబాటలు, సౌర విద్యుత్తు కావాలని పౌరులుగా అడగడం కూడా అందులో భాగం.

తర్వాత ఆలయం. మన పెద్దలు కట్టిన పాత ఆలయాలకు ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, పొడుగాటి వరండా ఉండేవి. కొత్త ఆలయాలకు అద్దాలు, ఫాల్స్ సీలింగ్, పది టన్నుల ఏసీ. కరెంటు పోతే జనరేటరు, దానికి లీటరు డీజిలు పోస్తే వచ్చేది మూడు యూనిట్ల పైచిలుకు. మండు వేసవిలో వృద్ధుల కోసం ఏసీ పెట్టుకుంటే తప్పు పట్టలేం. డిసెంబరులో తలుపులు మూసుకుని ఏసీ వేసుకోవడం మాత్రం ఏ వాక్యం ప్రకారమో అర్థం కాదు. సెమీ క్రిస్మస్‌ల పేరుతో నెల పొడుగునా వెలిగే సీరియల్ లైట్ల గురించి, వీధి చివరిదాకా పెట్టే స్పీకర్ల గురించి కూడా సంఘ కమిటీలు ఆలోచించాలి. నక్షత్రం ఒక్కటే చాలింది జ్ఞానులకు.

ఇంగ్లండులో కొన్ని సంఘాలు లెంటు దినాల్లో కార్బన్ ఉపవాసం పాటిస్తూ వచ్చాయి. నలభై రోజులు మాంసం మాని, ఆ రోజుల్లోనే ఏసీ కారులో ఉపవాస కూడికకు వెళ్లే మనకు ఆ ఆలోచన ఉపయోగపడుతుంది. వారానికి ఒక రోజు బండి తీయకుండా ఉండటం, ఆ మిగిలిన పెట్రోలు డబ్బు కానుక కవరులో వేసి గ్యాస్ బండ నింపుకోలేని కుటుంబానికి ఇవ్వడం. ఇలా ఇస్తే ఒకరి ఓమెరులో మిగిలింది ఇంకొకరి ఓమెరులోకి చేరుతుంది. అయిదువేల మందికి రొట్టెలు పంచిన తర్వాత యేసు ప్రభువు చేసిన పని ముక్కలు ఏరించడం. అంత సమృద్ధిని కళ్లారా చూసిన రోజున కూడా ఏదీ వృథా పోకూడదన్నాడు (యోహాను 6:12). రొట్టెలు పుట్టించగలవాడే ఏరమన్నాడు.

ఏటా సర్వసభ్య సమావేశంలో కోశాధికారి లేచి కానుకలు ఎంత, ఖర్చు ఎంత అని చదువుతారు. అందులో కరెంటు బిల్లు, డీజిలు ఖర్చు రూపాయల్లో ఉంటాయి, ఎవరూ వినరు. రాబోయే సమావేశంలో వాటిని యూనిట్లలో, లీటర్లలో కూడా చదవమని కోరుదాం. నిరుటికంటే ఎక్కువా, తక్కువా అని ఒక పెద్ద లేచి అడిగితే చాలు. చర్చ అక్కడి నుంచి మొదలవుతుంది.